శల్య సారథ్యం: అర్థం, కథ, వాడుక – తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికలొచ్చాయంటే నెల్లూరు, ఒంగోలు వైపు టీ కొట్ల దగ్గర ఈ మాట తప్పకుండా వినపడుతుంది. ఓడిపోయిన ప్రతివాడి వెనకా ఒక శల్యుడున్నాడని ఎవరో ఒకరు తేల్చేస్తారు. పేపర్లూ అంతే. చాలామంది దీన్ని వెన్నుపోటుకు ఇంకో పేరనుకుంటున్నారు. కథ చదివితే అది కాదని తెలుస్తుంది. పిల్లల తెలుగు హోంవర్కు దగ్గర్నుంచి వాట్సాప్ గ్రూపుల్లో వాదనల దాకా మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులివి.

శల్య సారథ్యం అంటే ఏమిటి?

మన పక్కనే ఉండి, మనకు అప్పజెప్పిన పని చేస్తూనే, మాటలతో మన ధైర్యాన్ని కుంగదీయడం. పగ్గాలు అతని చేతిలోనే ఉంటాయి. బండి దారి తప్పదు. కానీ పోవాల్సిన చోటికి పోయేసరికి మనలో పోరాడే ఓపిక మిగలదు. కురుక్షేత్రంలో పదిహేడో రోజున కర్ణుడి రథం తోలిన శల్యుడు చేసింది ఇదే.

ఇంతకీ శల్యుడెవరు? కౌరవుల మనిషా?

కాదు, పాండవుల మేనమామ. మద్రదేశానికి రాజు. పాండురాజు రెండో భార్య మాద్రికి అన్న, అంటే నకుల సహదేవులకు సొంత మేనమామ. యుద్ధం ఖాయమైందని తెలిసి ఒక అక్షౌహిణి సైన్యంతో మేనల్లుళ్ల కోసమే బయల్దేరాడు.

దారిలో దుర్యోధనుడు ఆయన కోసం విడిది మందిరాలు కట్టించి పెట్టాడు. అలంకారాలు, విందులు, దేనికీ లోటు లేదు. ఇదంతా ధర్మరాజు ఏర్పాటేననుకుని శల్యుడు పొంగిపోయాడు. కట్టిన పనివాళ్లెవరో పిలవండి, బహుమతులిస్తానన్నాడు. చాటున ఉన్న దుర్యోధనుడు అప్పుడు బయటికొచ్చాడు. ఏం కావాలో అడగమన్నాడు మామ. నా సైన్యానికి నాయకుడివి కమ్మన్నాడు అల్లుడు. అన్నమాట వెనక్కి తీసుకోలేక శల్యుడు సరేనన్నాడు. భోజనం పెట్టి మనిషిని తమవైపు తిప్పుకోవడం ఎంత పాత విద్యో చూడండి.

మరి ధర్మరాజుకు ఏమని చెప్పుకున్నాడు?

జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఉపప్లావ్యంలో పాండవుల్ని కలిసి, దుర్యోధనుడికి మాటిచ్చేశానన్నాడు. ధర్మరాజు నొచ్చుకోలేదు. మంచి పనే చేశావు మామా అంటూనే ఒక కోరిక కోరాడు. రేపు కర్ణార్జునుల యుద్ధం వస్తే కర్ణుడికి సారథిగా నిన్నే పెట్టుకుంటారు, అప్పుడు అర్జునుణ్ని కాపాడాలి, కర్ణుడికి తేజోవధ చెయ్యాలి, అంటే మాటలతో ధైర్యం పోగొట్టాలి, అన్నాడు. ఇది చేయకూడని పనే, అయినా నా కోసం చెయ్యాలని కూడా అన్నాడు. శల్యుడు ఒప్పుకున్నాడు.

ఈ ఘట్టం ఉద్యోగపర్వంలో ఉంది. యుద్ధం ఇంకా మొదలే కాలేదు, కర్ణుడు సేనాపతి కావడానికి చాలా దూరముంది, అప్పటికే ధర్మరాజు అంత ముందుచూపుతో ఉన్నాడు. ధర్మరాజంటే అశ్వత్థామ విషయంలో ఆడిన ఒక్క అబద్ధమే గుర్తొస్తుంది మనకు. నన్నడిగితే ఆయన ఖాతాలో దానికంటే బరువైనది ఇది. అది యుద్ధం మధ్యలో, ద్రోణుడి బాణాలకు సైన్యం కూలిపోతుంటే నోట వచ్చింది. ఇది తీరిగ్గా కూర్చుని, తప్పని తెలిసి, అడిగింది.

పాండవుల మేనమామని తెలిసీ కర్ణుడు అతణ్నే ఎందుకు కోరుకున్నాడు?

కర్ణుడి లెక్క వేరు. పదహారో రోజు యుద్ధం ముగిశాక దుర్యోధనుడితో అన్నాడు: నా విల్లు అర్జునుడి గాండీవానికి తీసిపోదు. అతనికి ఉండి నాకు లేనిది కృష్ణుడి లాంటి సారథి. గుర్రాల సంగతి తెలియడంలో శల్యుడు కృష్ణుడికి తక్కువ కాదు. అతణ్ని నాకివ్వు, ఆపైన చూడు.

శల్యుడు భగ్గుమన్నాడు. కిరీటం పెట్టుకున్న రాజుని, సూతపుత్రుడి గుర్రాలు తోలమంటావా అని లేచి వెళ్లబోయాడు. దుర్యోధనుడు కాళ్లావేళ్లా పడ్డాడు. త్రిపురాసుర సంహారంలో శివుడి రథాన్ని సాక్షాత్తూ బ్రహ్మ తోలాడని కథ చెప్పాడు. నువ్వు కృష్ణుడికంటే గొప్పవాడివన్నాడు. ఆ మాటకు శల్యుడు మెత్తబడి, ఒక షరతు పెట్టాడు: రథం మీద నా నోటికొచ్చింది నేనంటాను, కర్ణుడు పడాలి. కర్ణుడూ దుర్యోధనుడూ ఇద్దరూ ఒప్పుకున్నారు.

చాటుగా ఏమీ జరగలేదు గమనించారా? పగ్గాలు పట్టకముందే ముఖం మీదే చెప్పాడు. తెలియనిదల్లా ధర్మరాజుకిచ్చిన మాట ఒక్కటే.

రథం మీద శల్యుడు అన్నదేమిటి?

కర్ణుడు ఉత్సాహంగా బయల్దేరి, అర్జునుడెక్కడున్నాడో చూపించినవాడికి బండెడు రత్నాలిస్తా, ఆవులిస్తా, ఊళ్లిస్తా అని ప్రకటించాడు. శల్యుడు నవ్వి, ఆ దానాలన్నీ ఎందుకు దండగ, కాసేపాగు, అర్జునుడే కనపడతాడు నీకు, అన్నాడు. ఆ తర్వాత పాత లెక్కలు తీశాడు. ఘోషయాత్రలో గంధర్వులు దుర్యోధనుణ్ని కట్టి తీసుకుపోతుంటే నువ్వెక్కడున్నావు, విడిపించిందెవరు? విరాటుడి ఆవుల్ని తోలుకుపోయిన నాడు ఒక్క అర్జునుడు మీ అందర్నీ కొట్టిపంపాడే, ఆ రోజు ఈ శౌర్యం ఏమైంది?

ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే అంత తగిలాయి.

కర్ణుడూ ఊరుకోలేదు. మద్రదేశం వాళ్ల నడవడి, తిండి, తాగుడు, ఆడవాళ్లు అన్నిటినీ కలిపి తిట్టిపోశాడు. చదువుతుంటే ఇద్దరు రాజుల మాటల్లా ఉండవు, వీధి కుళాయి దగ్గర తగవులా ఉంటుంది. దానికి జవాబుగా శల్యుడు చెప్పిందే కాకి, హంస కథ.

సముద్రం ఒడ్డున ఊళ్లో ఒక సంపన్నుడైన వైశ్యుడు. అతని పిల్లలు తినగా మిగిలిన ఎంగిలి మెతుకులు తిని ఒక కాకి బలిసింది. ఒకరోజు హంసలు వచ్చి వాలాయి. నువ్వే వాటికంటే గొప్పదానివని పిల్లలు కాకిని ఎగదోశారు. కాకి హంసను పందేనికి పిలిచి, నాకు నూటొక్క రకాల ఎగురుళ్లు వచ్చు అంటూ ఒక్కోదాని పేరూ చెప్పింది. హంస, నాకు తెలిసింది ఒక్కటే, మామూలుగా ఎగరడం, అంది. సముద్రం మీదికి పోయాయి. మొదట్లో కాకి గిరికీలు కొట్టింది. కొంతదూరం పోయాక వాలడానికి చెట్టూ లేదు, గట్టూ లేదు. రెక్కలు నీళ్లకు తగులుతున్నాయి, ముక్కు మునుగుతోంది. హంస పక్కకొచ్చి, నువ్వు చెప్పిన నూటొక్కటిలో దీని పేరేమిటి, అని అడిగింది. ప్రాణం పోయేలా ఉందని కాకి ఏడిస్తే, జాలిపడి వీపు మీద ఎక్కించుకుని ఒడ్డున దింపింది.

నువ్వూ కౌరవుల ఎంగిలి మెతుకులతో పెరిగిన కాకివే, అని ముగించాడు శల్యుడు. యుద్ధానికి పోతున్న మనిషికి సారథి చెప్పే కథా ఇది! చివరికి దుర్యోధనుడే వచ్చి ఇద్దర్నీ చల్లార్చాల్సి వచ్చింది.

అంటే శల్యుడు రథం సరిగ్గా తోలలేదా?

తోలాడు. జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. గుర్రాల్ని తప్పుదారి పట్టించాడనో, కావాలని రథాన్ని గుంటలోకి దించాడనో చెప్పుకుంటారు. భారతంలో అలా లేదు.

పైగా ఒకచోట ప్రాణం నిలిపే సలహా కూడా ఇచ్చాడు. కర్ణుడు నాగాస్త్రం ఎక్కుపెట్టినప్పుడు శల్యుడు గురి చూసి, ఈ బాణం మెడకు తగలదు, సరిచూసి మళ్లీ సంధించు, అన్నాడు. కర్ణుడు ఒకసారి తొడిగిన బాణాన్ని మళ్లీ తొడగడు, అన్నాడు కర్ణుడు. బాణం వదిలాడు. కృష్ణుడు రథాన్ని నేలలోకి అదిమాడు, బాణం అర్జునుడి కిరీటాన్ని ఎగరగొట్టి పోయింది. శల్యుడి మాట విని ఉంటే ఏమయ్యేదో!

కానీ వినే స్థితిలో కర్ణుడు లేడు. పొద్దుటి నుంచి ఎత్తిపొడుపులు వింటున్న చెవికి మంచి సలహా కూడా ఎత్తిపొడుపులానే వినపడుతుంది. శల్యుడు చేసిన అసలు నష్టం అదేనని నా అభిప్రాయం.

కర్ణుడి చావుకు శల్యుడే కారణమా?

కర్ణుడి చావుకు సవాలక్ష కారణాలని మనకు వేరే జాతీయమే ఉంది. పరశురాముడి శాపం, బ్రాహ్మణుడి ఆవును చంపినందుకు వచ్చిన శాపం, ఇంద్రుడు పట్టుకుపోయిన కవచకుండలాలు, ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయిన శక్తి ఆయుధం, కుంతికిచ్చిన మాట. వాటిలో శల్యుడొకడు. రథచక్రం దిగబడింది శాపం వల్ల, శల్యుడి వల్ల కాదు.

కర్ణుడు పడిపోయాక ఖాళీ రథంతో వెనక్కి వచ్చిన శల్యుడు దుర్యోధనుణ్ని ఓదార్చాడు. ఇలాంటి యుద్ధం ఎప్పుడూ జరగలేదు, కర్ణుడు కృష్ణార్జునులిద్దర్నీ ఉక్కిరిబిక్కిరి చేశాడు, విధి వాళ్లవైపు ఉంది, అన్నాడు. మర్నాడు తానే సేనాపతి అయ్యాడు. మధ్యాహ్నానికి చనిపోయాడు. చంపింది ధర్మరాజే. తేజోవధ చెయ్యమని బతిమాలిన మేనల్లుడి చేతిలోనే పోయాడు మామ. ఆ భాగానికి శల్యపర్వమనే పేరు.

ఈ కథకూ నెల్లూరుకూ సంబంధం ఏమిటి?

తెలుగువాళ్లకు ఈ శల్యుణ్ని అప్పజెప్పింది నెల్లూరే. 13వ శతాబ్దంలో ఇక్కడ పాలించిన మనుమసిద్ధికి మంత్రి తిక్కన సోమయాజి. విరాటపర్వం మొదలు స్వర్గారోహణ పర్వం దాకా పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. శల్యుడు మాటిచ్చిన ఉద్యోగపర్వం, రథం తోలిన కర్ణపర్వం, చనిపోయిన శల్యపర్వం మూడూ ఆయనవే. ఇంద్రుడు కర్ణుడి కవచకుండలాలు తీసుకునే కథ అరణ్యపర్వం చివర్లో ఉంటుంది. ఆ భాగం రాసిన ఎఱ్ఱన కందుకూరు దగ్గరి గుడ్లూరువాడు. కర్ణుడి పతనంలో తొలి ఘట్టం గుడ్లూరు కవిది, తుది ఘట్టం నెల్లూరు కవిది. పెన్నకూ గుండ్లకమ్మకూ మధ్యలో ఉన్నవాళ్లం ఈ మాత్రం గొప్ప చెప్పుకోవచ్చు.

ఇంకొకటి. తిక్కన ఊరికే కవి కాదు, మంత్రి కూడా. మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకుంటే ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం తెచ్చింది ఆయనేనని పాత గ్రంథాలు చెప్తాయి. రాజు పక్కన కూర్చున్నవాడి మాటకు ఎంత బలముంటుందో ఆయనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆయన మొదలుపెట్టిన విరాటపర్వంలోనే దీనికి సరిగ్గా ఎదురు కథ ఉంది. ఉత్తరకుమారుడు కౌరవ సైన్యాన్ని చూసి రథం దూకి పారిపోతుంటే, సారథిగా ఉన్న బృహన్నల, అంటే మారువేషంలోని అర్జునుడు, వెంటపడి పట్టుకొచ్చి, ధైర్యం చెప్పి, నువ్వు పగ్గాలు పట్టు, యుద్ధం నేను చేస్తానంటాడు. అంత పిరికివాడు ఆ రోజు భీష్మద్రోణుల ముందుకు రథం తోలాడు.

ఎలాంటి సందర్భంలో వాడితే సరిగ్గా ఉంటుంది?

ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులున్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒకాయన చెరువు వేశాడు, చూసుకోమని బావమరిదిని పెట్టుకున్నాడు. ఆ కుర్రాడి పనిలో వంక పెట్టడానికి లేదు. టైముకి మేత వేస్తాడు, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చెక్ ట్రే ఎత్తి చూస్తాడు, రాత్రి కరెంటు పోతే పరిగెత్తి జనరేటర్ వేస్తాడు. కాకపోతే బావ గట్టు మీదికి వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

"నాకెందుకో ఈ నీళ్ల రంగు చూస్తే భయంగా ఉంది బావా. పోయినేడు పక్కూళ్లో ఇట్టానే మొదలై మూడ్రోజుల్లో తుడిచిపెట్టేసింది. నీ చేతికి అచ్చిరాదేమో. కిలోకి వంద తూగే వంద కౌంట్‌కే పట్టించేస్తే పోలా?"

రోజూ ఇదే వింటే ఎవరికైనా టెన్షన్ పట్టుకుంటుంది. బావ నెల ముందే పట్టించేశాడనుకోండి. కొన్న వ్యాపారితో బావమరిదికి ముందే మాటుందని తర్వాత తెలిసింది. అది అచ్చమైన శల్య సారథ్యం. చెరువుకు ఏ అపకారమూ చెయ్యలేదు, మనిషిని మాత్రం లోపల్నుంచి తినేశాడు.

ఇప్పుడు అదే కుర్రాడు అవే మాటలు అన్నాడు, కానీ పక్క చెరువులో నిజంగానే వైట్ స్పాట్ తెగులు వచ్చింది, అతనికి ఎవరితోనూ ఏ ఒప్పందమూ లేదు. అప్పుడతను శల్యుడు కాడు, మేలుకోరేవాడు. ఈ తేడా చూడకుండా జాగ్రత్త చెప్పిన ప్రతివాణ్నీ శల్యుడంటే, రేపట్నుంచి ఆ ఇంట్లో నోరు తెరిచేవాడుండడు. ఆఫీసుల్లో, పార్టీల్లో జరుగుతున్నది ఇదే. లెక్కల్లో తేడా ఉందని చెప్పిన గుమాస్తా శల్యుడైపోతాడు, భజన చేసేవాడు కృష్ణుడైపోతాడు.

కొన్ని వాక్యాలు చూపిస్తారా?

"ప్రచారమంతా ఆయనే చూసుకున్నాడు గానీ, గెలవలేమని రోజూ అభ్యర్థి చెవిలో ఊది శల్య సారథ్యం చేశాడు."

"పొగాకు వేలానికి తోడొచ్చి, ఈ రంగుకు నో బిడ్డే, ఎవడూ పాడడు అని బేళ్లు దించకముందే శల్య సారథ్యం మొదలెట్టాడు మా మామ."

"నీలాంటి శల్యుడు పక్కనుంటే వేరే శత్రువు ఎందుకయ్యా!"

చేయడం, వహించడం రెండూ వాడతారు. మాట్లాడేటప్పుడు చేయడమే సహజం. శల్యసారథ్యం అని కలిపి రాసినా, విడదీసి రాసినా తప్పు లేదు. శైల్య అని రాస్తే మాత్రం తప్పు.

పరీక్ష సెంటర్‌కి బైకు మీద దింపుతూ "పేపర్ చాలా టఫ్ అంటగదరా, మీ అన్నకే రాలేదు" అనే బాబాయిది శల్య సారథ్యమేనా?

ఖచ్చితంగా చెప్పాలంటే కాదు. ఆయనకు ఎవరికీ ఇచ్చిన మాట లేదు, ఉన్నది నోరొక్కటే. కానీ సరదాగా అనేస్తారు, అనొచ్చు కూడా. బండి నడిపేదీ ఆయనే కాబట్టి ఇంతకంటే అతికినట్టు ఇంకెక్కడ కుదురుతుంది?

సైంధవుడు, శకుని, ధృతరాష్ట్ర కౌగిలి కూడా ఇలాంటివే కదా?

అన్నీ భారతంలోవే, దేని దారి దానిది. సైంధవుడు ఎదురుగా నిలబడి అడ్డుపడతాడు. పద్మవ్యూహంలోకి పోయిన అభిమన్యుడి వెనక పాండవులు వెళ్లకుండా ఆపింది అతనే. ధృతరాష్ట్ర కౌగిలిలో పైకి ప్రేమ, లోపల నలిపేసే కసి: భీముడనుకుని ఇనుప బొమ్మను పిండి చేశాడు ముసలి రాజు. శకునికీ శల్యుడికీ తేడానే పట్టుకోవాలి. శకుని మనకు నచ్చే మాటలు చెప్పి ముంచుతాడు, శల్యుడు నచ్చని మాటలు చెప్పి ముంచుతాడు. ఇక ఇంటి గుట్టు లంకకు చేటు అనేది రామాయణం సంగతి, రహస్యం బయటపెట్టేవాళ్ల గురించి. వెన్నుపోటు వీటన్నిటికీ దూరం, దానికి మాటలతో పనే లేదు.

శల్య పరీక్షకూ ఈ శల్యుడికీ ఏమైనా సంబంధం?

లేదు. ఫైళ్లను శల్య పరీక్ష చేశారంటే క్షుణ్ణంగా పరిశీలించారని. మద్రరాజు ప్రసక్తి అక్కడ లేదు. చిక్కి శల్యమవడం కూడా అంతే.

పెద్దవాళ్ల ముఖం మీద ఈ మాట అనొచ్చా?

అనకపోవడమే మంచిది. సినిమా డైలాగులా వినపడుతుంది గానీ ఇది పెద్ద నింద. నువ్వు అవతలివాళ్ల మనిషివి అన్నట్టే. మామనో బావనో పట్టుకుని అంటే సంక్రాంతికి కూడా రాకపోకలుండవు. "నువ్వట్టా అంటుంటే నాకు ధైర్యం చాలట్లేదు మామా" అంటే సరిపోతుంది. రాజకీయ వ్యాసాల్లో, మూడో మనిషి గురించి మాట్లాడేటప్పుడు వాడుకోండి.

పరీక్షలో అర్థం రాసి సొంత వాక్యంలో ప్రయోగించమంటే?

అర్థం ఒక్క వాక్యంలో రాయండి: సాయం చేస్తున్నట్టు వెంట ఉంటూనే నిరుత్సాహపరచడం. కథ మొత్తం రాసుకుంటూ కూర్చుంటే టైము పోతుంది. సొంత వాక్యంలో వెంట ఉండటం, కుంగదీయడం రెండూ కనపడాలి. "రాముకు సోము శల్య సారథ్యం చేశాడు" అని వదిలేస్తే ఏ సోమయినా సరిపోతాడు, మార్కు కోసేస్తారు. "ఈత పోటీకి దగ్గరుండి తయారు చేస్తూనే నువ్వు గెలవలేవని సోము రాముకు శల్య సారథ్యం చేశాడు" అని రాయండి.

కథంతా తెలుగులో చదవాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

తాత్పర్యంతో ఉన్న తిక్కన కర్ణపర్వం తీసుకుని నేరుగా కాకి, హంస కథ దగ్గరకు పొండి. ముందు అది చదివి, తర్వాత వెనక్కి వచ్చి సారథ్యానికి శల్యుణ్ని ఒప్పించే ఘట్టం చదవండి. ఉద్యోగపర్వంలో విడిది మందిరాల కథ ఆఖర్న చదివినా ఫర్వాలేదు. పిల్లలకు చదివి వినిపించేట్టయితే కర్ణుడు మద్రదేశాన్ని తిట్టే పద్యాలు మాత్రం దాటేయండి, వాటికి అర్థాలు చెప్పలేక అవస్థ పడతారు.